వడ్డన దగ్గర వచ్చిన పేచీ

(రామచంద్రపురంలో జరిగిన సంఘం వార్షికోత్సవ సభలో ఒక విశ్రాంత రాజనీతిశాస్త్ర అధ్యాపకుడు చేసిన ప్రసంగ పాఠం)



ధనిక పేద తేడాల గురించి, రాజకీయాల గురించి క్రైస్తవ నీతి ఏమంటుందో చెప్పమని మీ కార్యదర్శి గారు అడిగారు. నేను పాస్టరుని కాను. ముప్ఫై ఏళ్ళు రాజనీతిశాస్త్రం పాఠం చెప్పినవాణ్ణి, ఆదివారం మందిరంలో బెంచీ మీద కూర్చునేవాణ్ణి. కాబట్టి ఇది వాక్యోపదేశం కాదు. మా ఇంటి లెక్కలు మీ ఎదుట పెట్టడం అనుకోండి. మీ ఇంటి లెక్కలతో ఎక్కడైనా పోలితే మీరే పోల్చుకోండి.

మన ఊరితోనే మొదలుపెడతాను. రామచంద్రపురం పేరు చెబితే పాతతరం క్రైస్తవులకు ముందు గుర్తొచ్చేది కుష్ఠు ఆశ్రమం. పంతొమ్మిదో శతాబ్దం చివరి రోజుల్లో కెనడా బాప్టిస్టు మిషన్ తరఫున వచ్చిన మిస్ హ్యాచ్ అనే ఆవిడ పూనికతో అది మొదలైంది. కుష్ఠురోగిని ఊరి బయటికి తోలేసే కాలం అది. కన్నబిడ్డలే కూడు దూరంగా పెట్టి వెళ్ళిపోయేవారు. అలాంటివాళ్ళ పుండ్లు కడిగి కట్టు కట్టారు. ఆ సేవను తక్కువ చేసే మాట నా నోట రాదు. కానీ రాజనీతి చదువుకున్నవాడికి ఇంకో ప్రశ్న కూడా వస్తుంది. రోగి పుండు కడిగినవాళ్ళు, ఆ రోగిని ఊరి బయటికి తోలిన ఊరి కట్టుబాటును ఏం చేశారు? ఒక్కొక్క మనిషి మీద దయ చూపడం ఒక పని. ఆ మనిషిని ఆ స్థితికి తెచ్చిన ఏర్పాటు జోలికి వెళ్ళడం ఇంకో పని. మొదటి పని చేస్తే పూలదండ వేస్తారు. రెండోదానికి పూనుకుంటే కేసు పెడతారు. క్రైస్తవ సామాజిక నీతి అనే చదువంతా ఈ రెండు పనుల మధ్య పెనుగులాటే.

బైబిల్లో అపొస్తలుల కార్యములు అనే గ్రంథం ఉంది. యేసు వెళ్ళిపోయాక యెరూషలేములో తొలి విశ్వాసులు ఎలా బతికారో అందులో ఉంటుంది. ఉన్నవాళ్ళు పొలాలు అమ్మి ఆ డబ్బు ఉమ్మడిగా పెట్టేవారని, అవసరాన్ని బట్టి పంచుకునేవారని రాశారు. దీని మీద మావాళ్ళు చాలా ప్రసంగాలు చేస్తారు. ఆరో అధ్యాయం దగ్గరికొచ్చేసరికి మాత్రం తొందరగా దాటేస్తారు. అక్కడ గొడవ ఉంది మరి.

ఆ గొడవ ఇదీ. రోజూ విధవరాండ్రకు భోజనం పంచేవారు. సంఘంలో రెండు రకాల యూదులున్నారు. స్థానికంగా హెబ్రీ మాట్లాడేవాళ్ళు ఒకరు, బయటి దేశాల నుంచి వచ్చి గ్రీకు మాట్లాడేవాళ్ళు ఒకరు. గ్రీకు మాట్లాడే విధవరాండ్రకు వడ్డన సరిగా అందడం లేదని సణుగుడు మొదలైంది. గమనించండి, సంఘం పుట్టి ఇంకా ఎంతో కాలం కాలేదు. నాయకులు స్వయంగా యేసు శిష్యులు. అందరూ ఒక్కటే అని రోజూ ప్రార్థన చేస్తున్నవాళ్ళు. అయినా వడ్డన దగ్గరికొచ్చేసరికి మనవాళ్ళు, మనవాళ్ళు కానివాళ్ళు అనే తేడా వచ్చేసింది.

అప్పుడు పెద్దలు ఏం చేశారన్నదే నాకు ముఖ్యం. 'మనమంతా విశ్వాసులం, ఇలాంటి తేడాల మాట ఎత్తకండి, సంఘం పరువు పోతుంది' అనలేదు. ఫిర్యాదు చేసినవాళ్ళను విడదీసేవాళ్ళని నిందించలేదు. ఏడుగురిని ఎన్నుకోమని చెప్పి పంపిణీ బాధ్యత వాళ్ళ చేతికిచ్చారు. ఆ ఏడుగురి పేర్లు చూడండి: స్తెఫను, ఫిలిప్పు, ప్రొకొరు, నీకానోరు, తీమోను, పర్మెనాసు, నీకొలాసు. అన్నీ గ్రీకు పేర్లే. అంటే ఎవరికి అన్యాయం జరిగిందని ఫిర్యాదు వచ్చిందో గరిటె వాళ్ళవాళ్ళకే ఇచ్చేశారు. ఇప్పుడు మనం ప్రాతినిధ్యం అంటాం, రిజర్వేషన్ అంటాం. పేరు ఏదైనా ఆలోచన అదే. ఇంకొంచెం ఎక్కువ పెట్టండి అని అడిగినవాడికి ఇంకొంచెం పెట్టి ఊరుకోవడం దానం. వడ్డించే చోట వాణ్ణి కూర్చోబెట్టడం న్యాయం.

ఇప్పుడు మన ఇళ్ళకి రండి. మా మందిరాల్లో కానుకల కమిటీలో కూలికెళ్ళే ఆడమనిషి ఉంటుందా? నేను చూసినంతలో అరుదు. మీ సంఘాల్లో జకాత్, ఫిత్రా పంచే కమిటీలో పుచ్చుకునే ఇళ్ళ నుంచి ఎవరైనా ఉంటారా అనేది మీరు చెప్పాలి. జకాత్ ఎవరికి చెందుతుందో మీ గ్రంథంలో ఎనిమిది వర్గాలుగా ఉందని చదివాను. అందులో నిరుపేదలతో పాటు అప్పుల్లో కూరుకుపోయినవాళ్ళు, బానిసత్వంలో ఉన్నవాళ్ళ విడుదల కూడా ఉన్నాయి. అప్పు తీర్చడం, సంకెల విప్పడం అంటే ఒక పూట అన్నం పెట్టడంతో ఆగేవి కావు కదండీ. వారం వారం కట్టే గ్రూపు అప్పుల కింద నలిగే మన వీధుల ఆడవాళ్ళను తలచుకుంటే ఆ మాట ఎంత ముందుచూపుతో అన్నదో తెలుస్తుంది. ఈ విషయంలో నాకంటే ఇమాం గారికి బాగా తెలుసు, నేను ఇంతటితో ఆగుతాను.

రెండో సంగతి భూమి. కోనసీమలో నిలబడి అసమానత గురించి మాట్లాడుతూ భూమి మాట ఎత్తకపోతే అది సభామర్యాద అవుతుందేమో గాని నిజాయితీ కాదు. 1847లో మొదలుపెట్టి 1852 నాటికి ధవళేశ్వరం ఆనకట్ట కట్టారు. కాటన్ దొర విగ్రహం లేని ఊరు మన వైపు వెతుక్కోవాలి. కరువుతో అల్లాడిన గోదావరి సీమ అన్నపూర్ణ అయిందన్నది నిజం. కాలవ నీళ్ళు మాత్రం భూమి ఉన్నవాడి చేలోకే పారతాయి. భూమి లేనివాడికి నీళ్ళ వల్ల వచ్చింది కూలిపని. అందుకే ఒకే కాలవ గట్టున ఒక వైపు మేడలు, ఇంకో వైపు పేటలు లేచాయి. మట్టి తవ్వి తట్టలు మోసినవాళ్ళ మనవళ్ళకు ఆ ఆయకట్టులో ఎకరం దక్కిందా అన్నది మా పిల్లలకు ఏ పాఠంలోనూ చెప్పలేదు. నేనూ ఆ పాఠాలే చెప్పాను, అది వేరే సంగతి.

మా పాత నిబంధనలో లేవీయకాండమని ఒక ధర్మశాస్త్ర గ్రంథం ఉంది. అందులో యాభై ఏళ్ళకోసారి వచ్చే సునాద సంవత్సరం అనే నియమం ఉంది. అవసరం కొద్దీ అమ్ముకున్న భూమి ఆ ఏడాది మొదటి కుటుంబానికి తిరిగి చేరాలి. అప్పుకి అమ్ముడుపోయిన మనిషి విడుదల కావాలి. ఇది పూర్తిగా ఎప్పుడైనా అమలైందా అని పండితులు వాదించుకుంటారు. అమలైందో లేదో గాని ఆ నియమం రాసినవాడికి ఒక విషయం తెలుసు. అందరినీ సమంగా మొదలుపెట్టించినా రెండు తరాలు గడిచేసరికి భూమి కొద్దిమంది చేతుల్లోకి పోతుంది. తప్పు ఒకడిది కాకపోవచ్చు. జబ్బు చేస్తుంది, పంట పోతుంది, కూతురి పెళ్ళి వస్తుంది. అందుకని మనుషుల మంచితనం మీద వదిలెయ్యకుండా చట్టమే రాశారు.

మన దగ్గర చట్టం ఎలా ఉందో చూడండి. డెల్టాలో చేలు చేసేవాళ్ళలో చాలామంది కౌలుదారులు. 2011 ఖరీఫ్‌లో కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించినప్పుడు దేశమంతా మన వైపు చూసింది. గిట్టుబాటు ధర గురించి, కూలీల కొరత గురించి చాలా చర్చ జరిగింది. కౌలుకి చేసేవాడు ఆ ఏడాది ఏం తిన్నాడన్న మాట అంతగా వినపడలేదు. 2019లో రాష్ట్రం పంట సాగుదారుల హక్కుల చట్టం తెచ్చింది. పదకొండు నెలలకు కార్డు ఇస్తారు, దాంతో బ్యాంకు అప్పు, పంట బీమా, నష్టపరిహారం రావాలి. కానీ కార్డు కావాలంటే భూయజమాని సంతకం పెట్టాలి. సంతకం పెడితే భూమి ఎక్కడ పోతుందోనని ఆయనకు భయం. గట్టిగా అడిగితే వచ్చే ఏడాది కౌలు ఎక్కడ పోతుందోనని ఈయనకు భయం. తుఫాను వచ్చి చేను మునిగితే మునిగేది ఒకరి కష్టం, పరిహారం పడేది ఇంకొకరి ఖాతాలో. అహాబు రాజు నాబోతు ద్రాక్షతోట కాజేసిన కథ మా ఆదివారం బడిలో చెబుతారు. అందులో రాజు దౌర్జన్యంగా లాక్కోలేదు. పట్టణం పెద్దలకు తాకీదులు రాయించి, దొంగ సాక్షులను పెట్టించి, అంతా విచారణ ప్రకారమే జరిగినట్టు జరిపించింది ఆయన భార్య యెజెబెలు. కాగితాలన్నీ సక్రమంగానే ఉన్నాయి. వక్ఫు భూముల విషయంలో మీకూ, పాత మిషన్ ఆస్తుల విషయంలో మాకూ ఈ కథ విడమరిచి చెప్పక్కర్లేదనుకుంటాను. ఒక మాట మాత్రం అనాలి. మిషన్ ఆస్తులు పోయిన చాలాచోట్ల బయటి అహాబు కంటే లోపలి యెజెబెలే ముందు సంతకం పెట్టింది.

ఇక రాజకీయం. ఇది కాస్త నిదానంగా చెప్పాలి.

దోర్నకల్ బిషప్ అజరయ్య గారి పేరు మీలో కొందరు వినే ఉంటారు. 1912లో ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్ అయినవారు, తెలుగు నేల మీదే పనిచేశారు. క్రైస్తవులకు ప్రత్యేక నియోజకవర్గాలు ఇస్తామన్న రోజుల్లో ఆయన వద్దన్నారు. సంఘం ఒక ఓట్ల మూటగా మారిపోతే సంఘంగా మిగలదని ఆయన బాధ. తరవాత రాజ్యాంగ సభలో మైనారిటీల ఉపసంఘానికి అధ్యక్షుడు కూడా ఒక క్రైస్తవుడే, బెంగాలు నుంచి వచ్చిన హెచ్.సి. ముఖర్జీ గారు. 1949 మేలో మతాన్ని బట్టి చట్టసభల్లో సీట్లు కేటాయించే పద్ధతిని వదులుకున్నారు. ముస్లిం సభ్యుల్లో బేగం ఐజాజ్ రసూల్ గారు దాన్ని గట్టిగా సమర్థించారు. నా లెక్కలో అది గౌరవించాల్సిన నిర్ణయమే. రాజకీయాల్లో మతం పేరుతో ముక్క అడగం, పౌరులుగా నిలబడతాం అన్నారు.

అయితే మరుసటి ఏడాదే, 1950 ఆగస్టులో, రాష్ట్రపతి ఉత్తర్వు వచ్చింది. షెడ్యూల్డు కులాల జాబితాతో పాటు అందులో మూడో పేరా ఒకటి పెట్టారు. హిందువు కానివాడు షెడ్యూల్డు కులస్థుడు కాడని దాని సారం. 1956లో సిక్కులను చేర్చారు, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవులు, ముస్లింలు బయటే ఉన్నారు. సీట్లు వదులుకున్న పెద్దమనుషులకు దీనివల్ల పోయిందేమీ లేదు. పోయింది మాలపల్లెలో, మాదిగగూడెంలో బాప్తిస్మం తీసుకున్న కూలివాడికి. త్యాగం ఒకరు చేశారు, ఖరీదు ఇంకొకరు కట్టారు. అసమానత గురించి మాట్లాడేటప్పుడు నేను ఎప్పుడూ ఈ ప్రశ్న వేసుకుంటాను: ఈ నిర్ణయానికి బిల్లు ఎవరి పేరు మీద వస్తుంది?

ఫలితం కోనసీమలో ఎవరికి తెలియదు? అమలాపురం, రాజోలు, పి.గన్నవరం మూడూ రిజర్వుడు నియోజకవర్గాలే. అమలాపురం పార్లమెంటు స్థానమూ అంతే. ఆదివారం ఒక పేరు, సోమవారం కాగితం మీద ఇంకో పేరు. క్రైస్తవంలోకి మారిన షెడ్యూల్డు కులాలవాళ్ళకు మన రాష్ట్రంలో బీసీ-సి కింద ఒక్క శాతం ఉంది. ఆ ఒక్క శాతంలోకి వెళ్ళేవాడు తక్కువ. బడిలో పిల్లవాడి సీటు, ఇంటి స్థలం, ఉద్యోగం, అన్నీ ఒక సర్టిఫికెట్ మీద ఉన్నప్పుడు ఒక తల్లి ఏం రాయిస్తుంది? ఆవిణ్ణి అబద్ధాలాడే మనిషి అనేవాళ్ళు నాకు నచ్చరు. నిజం చెబితే బిడ్డ నోటి దగ్గర కూడు తీసేసే చట్టం పెట్టి, ఆ తరవాత నిజం చెప్పలేదని నిందించడం ఏం నీతి? ఇది చదువు, ఉద్యోగాలతో ఆగలేదు. 2025లో మన హైకోర్టు ఒక పాస్టరు పెట్టిన కేసులో తీర్పు చెబుతూ, క్రైస్తవంలోకి మారినవాడు ఎస్సీ ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింద రక్షణ కోరలేడంది. తిట్టేవాడు కులం పేరు పెట్టే తిడతాడు, బాప్తిస్మ సర్టిఫికెట్ చూసి తిట్టడు.

దీనికి ఎదురు వాదన ఒకటుంది, దాన్ని దాచకూడదు. 'మీ మతంలో కులం లేదంటారు, మళ్ళీ కులం పేరుతో హక్కు అడుగుతారేం?' అంటారు. న్యాయమైన ప్రశ్నే. నా జవాబు ఇది. కులం ఉండకూడదని మా విశ్వాసం చెబుతుంది. కులం పోయిందని చెప్పడం లేదు. మా ఊళ్ళలోనే మాల మందిరం వేరు, మాదిగ మందిరం వేరు ఉన్నచోట్లు ఉన్నాయి. సమాధి తోటల్లో కూడా గోడలున్నాయి. ఆ గోడలు ఢిల్లీ వాళ్ళు కట్టలేదు. అందుకే ప్రభుత్వాన్ని మూడో పేరా తియ్యమని అడిగే నోటితోనే మా పెద్దలను గోడ తియ్యమని అడగాలి. ఒకటి మాని ఒకటి అడిగితే ఎవరూ వినరు. 2007లో రంగనాథ్ మిశ్రా కమిషన్ ఆ పేరా ఎత్తెయ్యమంది. 2022లో కేంద్రం మళ్ళీ జస్టిస్ బాలకృష్ణన్ గారి కమిషన్ వేసింది. 2023 మార్చిలో మన శాసనసభ దళిత క్రైస్తవులను ఎస్సీల్లో చేర్చమని తీర్మానం చేసింది. తీర్మానాలతో సర్టిఫికెట్ రాదు గదా.

మీ వైపు కథ నాకు కొంత తెలుసు. దూదేకులవారు బీసీ-బిలో, మెహతర్లు బీసీ-ఎలో ఎప్పటినుంచో ఉన్నారు. 2007 చట్టంతో వెనకబడిన ముస్లిం వర్గాలకు బీసీ-ఇ కింద నాలుగు శాతం వచ్చింది. 2010 నుంచి అది సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వు నీడలో నడుస్తోంది. సమానత్వం బోధించే మతంలోకి వచ్చాక కూడా పాత వృత్తి, పాత పేరు, పాత చులకన మనిషి వెంట వచ్చాయన్న సంగతి ఆ జాబితా చదివితే చాలు. మనిద్దరం ఒకే పడవలో ఉన్నామని నేనన్నది మర్యాద కోసం కాదు.

గౌరవ వేతనం సంగతి కూడా చెబుతాను, కొందరికి నచ్చకపోవచ్చు. ఇమాములకు పదివేలు, మౌజన్లకు అయిదువేలు, పాస్టర్లకు అయిదువేలు అని రాష్ట్రం నిర్ణయించింది. పల్లెటూరి పాస్టరు ఇంట్లో ఆ అయిదువేలు లేకపోతే పొయ్యి వెలగని నెలలుంటాయి, నేనెరుగుదును. పుచ్చుకోవద్దని నేననను. ఎన్నికల ముందు పాస్టర్ల సమావేశాలు పెట్టి, వేదిక మీద నాయకుడి చేత ప్రార్థన చేయించుకుని, 'మా మంద అంతా మీ వైపే' అని మాటిచ్చే అలవాటు మాత్రం వచ్చింది చూశారూ, దానికీ దీనికీ సంబంధం ఉంది. రాజు కావాలని జనం పట్టుబట్టినప్పుడు సమూయేలు ప్రవక్త, ఆ రాజు మీ కొడుకులను, మీ చేలను, మీ పంటలో పదో వంతును తీసుకుంటాడని ముందే హెచ్చరించాడు. అలా హెచ్చరించగలిగింది ఆయన ఎవరి ఎద్దునూ, ఎవరి గాడిదనూ పుచ్చుకోలేదు కనక. జీతం పుచ్చుకునే ప్రవక్తలు కూడా బైబిల్లో ఉన్నారు. అహాబు దగ్గర నాలుగువందల మంది ఉండేవారు. అందరూ ఒకే మాట చెప్పేవారు.

నీబూర్ అనే అమెరికా వేదాంతి 1932లో ఒక పుస్తకం రాశాడు. విడిగా మంచివాళ్ళైన మనుషులు గుంపుగా చేరాక స్వార్థం పెరుగుతుందని, గుంపుల మధ్య న్యాయం కావాలంటే బోధలు చాలవని, అధికారాన్ని అధికారంతోనే నిలవరించాలని ఆయన వాదన. నేను క్లాసులో ఏళ్ళ తరబడి ఇది చెప్పాను. 2022 మే 24న అమలాపురంలో జిల్లాకు అంబేద్కర్ పేరు పెట్టడం మీద మంత్రి ఇల్లు, శాసనసభ్యుడి ఇల్లు తగలబడినప్పుడు గాని దాని అర్థం నాకు పూర్తిగా బోధపడలేదు. ఆ గుంపులో ఉన్నవాళ్ళు రాక్షసులు కారు. పొరుగువాడికి జ్వరమొస్తే బండి మీద ఆసుపత్రికి తీసుకెళ్ళే పిల్లలే. పేరు దగ్గరికొచ్చేసరికి ఒక పేరును తమ ఊరి బోర్డు మీద చూడలేకపోయారు. ఆ ఆదివారం మా మందిరాల్లో, ఆ శుక్రవారం మీ మసీదుల్లో ఎన్నింట దాని గురించి ఒక్క మాట వచ్చిందో ఎవరికి వారు లెక్క చూసుకోవాలి. మనకెందుకులే అనుకున్నామా, మన మీదికి రాలేదు కదా అనుకున్నామా?

2019 ఫిబ్రవరిలో అబుదాబిలో పోప్ ఫ్రాన్సిస్ గారు, అల్ అజ్హర్ పెద్ద ఇమాం అహ్మద్ అల్ తయ్యిబ్ గారు కలిసి మానవ సోదరభావం మీద ఒక పత్రంపై సంతకం చేశారు. మరుసటి ఏడాది పోప్ రాసిన లేఖలో, ఆ ఇమాం గారి ప్రేరణ ఇందులో ఉందని పేరు పెట్టి రాశారు. ఆస్తి హక్కు కంటే ముందు భూమి మీద ఉన్నవన్నీ అందరి కోసం అనే సూత్రం ఉందని ఆ లేఖ గుర్తుచేస్తుంది. పెద్దవాళ్ళు పెద్ద చోట సంతకాలు చేశారు, సంతోషం. మనం చిన్నవాళ్ళం, మన చోట ఏం చెయ్యగలమో అది చూద్దాం.

నేను అడిగేవి మూడే. మొదటిది, వచ్చే రంజాన్ నాటికి మీ పంపిణీ కమిటీలో పుచ్చుకునే ఇళ్ళ నుంచి ఇద్దరు ఆడవాళ్ళను వెయ్యండి. వచ్చే క్రిస్మస్ నాటికి మా కమిటీలో ఇద్దరిని వెయ్యమని నేను మా పెద్దల దగ్గర పోట్లాడతాను, వెయ్యకపోతే వచ్చే ఏడాది ఈ సభలో నన్ను నిలదియ్యండి. రెండోది, నెలకు రెండు శనివారాలు మీ కార్యాలయంలో ఒక బల్ల వేద్దాం. కౌలు కార్డుకీ, బీసీ-ఇ, బీసీ-సి సర్టిఫికెట్లకీ, గల్ఫ్‌లో ఇంటిపనికి వెళ్ళి చిక్కుకున్న ఆడబిడ్డల దరఖాస్తులకీ కాగితాలు రాసిపెడదాం. ఏ మతంవాడు వచ్చినా రాయాలి. అర్జీ రాయడం నాకు వచ్చు, ఇప్పుడు పనేమీ లేనివాణ్ణి కూడాను. మూడోది, ఎన్నికల ముందు ఏ పార్టీవారు పిలిచినా పాస్టరు, ఇమాం కలిసే వెళ్ళాలి. ఓట్ల లెక్క చెప్పకుండా, కౌలు రైతు సంతకం సంగతి, మూడో పేరా సంగతి, వక్ఫు భూముల సంగతి ఒకే కాగితం మీద రాసి చేతికివ్వాలి.

రెండో పనికి మొదటి శనివారం ఏదో ఇక్కడే ఖాయం చేసుకుంటే బాగుంటుంది. కార్యదర్శి గారు డైరీ తీస్తున్నారు, నేను దిగి వస్తాను.